లారీ అడుగున నెమలి

మౌలాలి కొండెక్కి వచ్చి మూడేళ్లయింది. మూడేళ్లుగా దర్గా ముంగిలి ఊడుస్తున్నాడు, వచ్చిపోయేవాళ్లకు నీళ్లిస్తున్నాడు, వంటపాత్రలు తోముతున్నాడు. గురువు సత్తార్ షా బాబా అతనికి ఇంతవరకూ ఒక్క మాట బోధించలేదు.

అదే మౌలాలి దిగులు.

కొండ కింద రోడ్డు మీద ఒకప్పుడు మౌలాలి పేరు తెలియని లారీ డ్రైవరు లేడు. లారీ వెనక తలుపు మీద అతను వేసే నెమలి అలాంటిది. దాన్ని వేయించుకోవడానికి ఎక్కడెక్కడి లారీలూ వచ్చి అతని షెడ్డు ముందు వరుసకట్టేవి. ఆ నెమలి కన్ను వెనకొచ్చే బండివాణ్ని చూస్తూనే ఉంటుందని డ్రైవర్లు చెప్పుకునేవాళ్లు. ఒకరోజు పొద్దున ఎవరిదో కొత్త లారీ మీద తోక ఈకలు దిద్దుతుండగా మౌలాలి చెయ్యి ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎందుకాగిందో అతనికే తెలియదు. ఇన్నేళ్లుగా వేసిన నెమళ్లన్నీ రోడ్లు పట్టుకుని ఎటో వెళ్లిపోయాయి, ఒక్కటీ తన దగ్గర లేదు అనిపించింది. కుంచె కడిగేసి, షెడ్డు తమ్ముడికి అప్పగించి, కొండెక్కేశాడు.

శివరాత్రి వెళ్లిన వారానికి ఇక ఉండబట్టలేక గురువు ముందు కూర్చున్నాడు. బాబా చాటలో కందిపప్పు పోసుకుని రాళ్లు ఏరుతున్నాడు.

"బాబా, షెడ్డు వదిలేశాను. పేరు వదిలేశాను. కుంచె ముట్టనని ఒట్టేసుకున్నాను. ఇంకా ఏం వదిలితే నా లోపల వెలుగు పడుతుంది?"

బాబా తల ఎత్తలేదు.

"మన లారీ చాసిస్ తుప్పు పడుతోంది, చూశావా? ఎండలు ముదిరేలోపల దానికి రంగు వెయ్యి."

మౌలాలి తను సరిగ్గా వినలేదేమో అనుకున్నాడు.

"కుంచె ముట్టనన్నాను కదా బాబా."

"ముట్టొద్దు. బ్రష్షుతో వెయ్యి. నాలుగంగుళాలది కొట్టుగదిలో ఉంటుంది."

దర్గా వెనక కానుగ చెట్టు కింద ఉండేది ఆ లారీ. ఎన్నో ఏళ్లు రాళ్ల క్వారీలో చాకిరీ చేసి, ఇక పనికిరాదనుకున్నాక ఎవరో మొక్కు కింద దర్గాకు ఇచ్చేశారు. దాని మీద నీళ్ల ట్యాంకు బిగించారు. కొండకు అవతలివైపు మూడు తండాలున్నాయి. ఎండాకాలం వస్తే అక్కడి బోర్లు గాలి తప్ప ఏమీ ఇవ్వవు. ఫాల్గుణం చివరి నుంచి తొలకరి దాకా ఈ లారీయే రోజుకు రెండుసార్లు ఘాటు రోడ్డు ఎక్కి దిగి వాళ్లకు నీళ్లు మోసేది. తోలేవాడు దేవ్లా నాయక్, అవతలి తండా మనిషే. అతని భార్య సోనీబాయి పైపు పట్టుకుని అతని పక్కనే కూర్చునేది.

ట్యాంకు ఎక్కడో అక్కడ కారుతూనే ఉండేది. కారిన నీళ్లు కింద చాసిస్ మీద పడేవి. లారీ బరువంతా మోసే ఇనుప చట్రం అదే: ముందు నుంచి వెనకదాకా రెండు పొడుగు దూలాలు, వాటి మధ్య నిచ్చెన మెట్లలాగా అడ్డపట్టీలు. మౌలాలి వంగి చూశాడు. ఎర్రగా పొరలు పొరలుగా లేచిపోయి, ముట్టుకుంటే పొడి రాలుతోంది.

అతను వచ్చి గురువుకు చెప్పాడు. "దీనికి గ్రైండరు కావాలి బాబా. మంచి ప్రైమరు కావాలి. నల్ల రంగు, అది కూడా మంచి కంపెనీది, రెండు కోటింగులకు సరిపడా కావాలి."

"కొట్టుగదిలో ఏముంది?"

"ఒక వైర్ బ్రష్షు, గీకే రేకు ఒకటి, గరుకు కాగితం కొంచెం. తుప్పు పట్టకుండా ముందు పూసే రెడాక్సైడు రెండు డబ్బాలు."

"చాలానే ఉన్నాయే!" అన్నాడు బాబా, నిజంగానే సంతోషపడుతూ. "ఇంక పైన వేసే రంగే కదా. కింద ఊళ్లోకి వెళ్లు. రంగు వేసుకున్న ప్రతి ఇంట్లోనూ ఒక డబ్బా అడుగున ఇంత మిగిలిపోయి ఉంటుంది. అడుగు."

మౌలాలి ముఖం మాడింది. ఆ ఊళ్లో తన చేత బొమ్మలు గీయించుకున్నవాళ్లున్నారు. వాళ్ల గుమ్మంలో నిలబడి డబ్బా అడుగు రంగు అడగాలా? కానీ గురువు అప్పటికే మళ్లీ రాళ్లు ఏరడంలో పడ్డాడు.

మర్నాడు పొద్దున ఖాళీ బకెట్టు పట్టుకుని కొండ దిగాడు. మొదటి ఇంటి ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఆ ఇల్లు నారాయణమ్మది. ఒంటరి ముసలామె, మూరల లెక్కన పూలు కట్టి అమ్ముతుంది.

"రంగా? ఏం రంగు నాయనా?"

"ఏదైనా సరే అవ్వా. ఆయిల్ రంగు. తలుపులకేసిందేమైనా మిగిలుంటే…"

ఆమె లోపలికెళ్లి అటక మీద నుంచి ఒక డబ్బా దింపింది. మూత ఊడదీస్తే పైన మీగడలా తోలు కట్టి ఉంది. తోలు చింపితే కింద నీలం. అంత నీలం మౌలాలి చాలా కాలంగా చూడలేదు.

"మా ఆయన ఉన్నప్పుడు వేసింది," అంది నారాయణమ్మ. "తలుపు మీద వెలిసిపోయింది. డబ్బాలో మాత్రం అట్లే ఉండాది చూడు."

ఆమె ఆ డబ్బాను వెంటనే ఇవ్వలేదు. కాసేపు చూసుకుంటూ నిలబడి, అప్పుడు అతని బకెట్టులో పెట్టింది.

ఆ తర్వాత అడగడం తేలికైంది. మంగలి పుల్లయ్య అంగడికి వేసిన గులాబీ రంగు ఇచ్చాడు. చర్చి దగ్గర కిటికీలకు వేయగా మిగిలిన తెలుపు దొరికింది. బడి అయ్యవారు నల్లబల్లకు పూసే నలుపు ఇస్తూ, ఇంత తక్కువ ఇస్తున్నందుకు నొచ్చుకున్నాడు. ఒకరింట్లో ఉయ్యాలకు వేసిన ఆకుపచ్చ. ఒకరింట్లో గడపల పసుపు. ఎవరూ ఊరికే ఇవ్వలేదు. అది దేనికి వేసిందో, ఎప్పుడు వేసిందో ఒక మాట చెప్పి మరీ ఇచ్చారు. మధ్యాహ్నానికి మౌలాలి బకెట్టు నిండా డబ్బాలతో, తల నిండా మాటలతో కొండెక్కుతుంటే, దారి పొడుగునా రంగుల వాసన అతని వెంటే నడిచింది.

పాత పంచె గుడ్డ కట్టి రంగులన్నీ వడగట్టాడు. ఒక పెద్ద డబ్బాలో ఒక్కొక్కటే పోసి కర్రతో కలిపాడు. నీలం గులాబీని చుట్టుకుంది. ఆకుపచ్చ తీగలా సాగి, పసుపులో కలిసిపోయింది. కలిపేకొద్దీ ఒక్కో రంగూ పక్కదానిలోకి జారుకుని, చివరికి డబ్బాలో మిగిలిందానికి పేరు పెట్టడం అతని వల్ల కాలేదు. బూడిద కాదు, మట్టి కాదు. వాన ఆగిన వెంటనే రాయి ఎలా ఉంటుందో అలా ఉంది.

"ఇదేం రంగు బాబా, చూసినవాళ్లు నవ్వుతారు."

బాబా వేలు ముంచి చూశాడు. "ఇనుముకు తడి తగలకపోతే చాలు కదా."

అయితే అన్నీ కలిపే ముందు మౌలాలి ఒక పని చేశాడు. నాలుగు కొబ్బరిచిప్పల్లో నీలం, ఆకుపచ్చ, పసుపు, తెలుపు కొంచెం కొంచెం పక్కన తీసి పెట్టాడు. ఎందుకని తనను తను అడుక్కోలేదు. ఎవరూ అడగలేదు.

గీకే పని మొదలైంది.

లారీ కింద గోనెపట్టా పరుచుకుని వెల్లకిలా పడుకునేవాడు. రేకుతో గీకేవాడు, వైర్ బ్రష్షుతో రుద్దేవాడు, కిరసనాయిలు గుడ్డతో తుడిచేవాడు. తుప్పు సన్నగా ముఖం మీద రాలేది. మొదటి రెండు రోజులూ అది నరకంలా ఉంది. మూడో రోజు నుంచి ఏదో మారింది. పైన ట్యాంకు పక్కన లారీ తొట్టి చెక్కల సందుల్లోంచి ఎండ దారాల్లాగా దిగేది. ఆ దారాల్లో తుప్పు పొడి బంగారు రజనులా తేలేది. గుమ్మటం మీద పావురాలు కూసేవి. కానుగ పూలు టప్ టప్‌మని ట్యాంకు రేకు మీద రాలేవి. చెయ్యి దాని పని అది చేసుకుపోయేది. తను గీకుతున్నాడో, లారీయే నెమ్మదిగా తన చేతి కింద పాత చర్మం విడుస్తోందో తెలిసేది కాదు.

ఒకరోజు మధ్యాహ్నం అలా గీకుతూనే నిద్రపోయాడు. కలలో లారీ ఒక పెద్ద జంతువు. తను దాని కడుపులో ఉన్నాడు. ఈ దూలాలు దాని పక్కటెముకలు. జంతువు నీళ్లు తాగి, అలసట లేకుండా, చప్పుడు లేకుండా కొండ ఎక్కుతోంది. దాని కడుపు చీకట్లో ఒక నెమలి అటూ ఇటూ తిరుగుతోంది. అది నడిచినంత మేరా నీలం వెలుగు.

మెలకువ వచ్చేసరికి ఎదురుగా ఎడమ దూలం లోపలివైపు, వెనక చక్రానికి కొంచెం ముందు, రెండు మూరల మేర నున్నటి నలుపు కనిపించింది. క్వారీ రోజుల్లో ఎవరో అక్కడ తారులాంటి రంగు మందంగా పూసినట్టున్నారు. రేకు పెడితే జారిపోయింది. చుట్టుపక్కలంతా తుప్పుతో పెచ్చులూడుతుంటే అక్కడ మాత్రం అద్దంలాగా ఉంది. మౌలాలి దాన్ని అరచేత్తో నిమిరాడు. వేళ్ల చివర్లు జివ్వుమన్నాయి.

ఇంత మంచి జాగా అతనికి ఏ కొత్త లారీ మీదా దొరకలేదు.

'ఇక్కడ బాగానే ఉంది కదా, గీకడమెందుకు?' అనుకున్నాడు. ఆ తర్వాత, 'ఇక్కడ వేస్తే ఎవరు చూస్తారు? ఎవరూ చూడరు. పేరు కోసం కాదు, మెప్పు కోసం కాదు. పైవాడు ఒక్కడికే కనపడుతుంది' అనుకున్నాడు. అలా అనుకోగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. తను మూడేళ్లుగా ఎదురుచూస్తున్నది ఇదేనేమో. బాబా మాట్లాడకుండా తనను ఇక్కడికి పంపింది ఇందుకేనేమో.

కుంచె లేదు. వేపపుల్ల చివర నమిలి కుంచె చేసుకున్నాడు.

మూడు రోజులు పట్టింది. వెల్లకిలా పడుకుని, జానెడు దూరంలో, ఊపిరి బిగబట్టి ఒక్కో ఈకా వేశాడు. నారాయణమ్మ నీలం మెడ అయింది. ఉయ్యాల ఆకుపచ్చ తోక అయింది. కన్నులో చర్చి తెలుపు ఒక్క చుక్క పెట్టగానే నెమలి తల తిప్పి అతన్ని చూసింది. ఇన్నేళ్లలో ఇలాంటిది వేయలేదని అతనికి తెలుసు. ఆ మూడు రోజులూ ఆకలి తెలియలేదు. ఒళ్లు బరువు లేనట్టుగా, నేలకు జానెడు ఎత్తున నడుస్తున్నట్టుగా ఉంది. వెలుగంటే ఇదే అనుకున్నాడు.

నెమలి పూర్తయిన రోజు సాయంత్రం అన్నం ముందు కూర్చున్నాడు. తినలేకపోయాడు. ముంగిలి ఊడుస్తూ ఆగిపోయాడు. పైవాడు ఒక్కడే చూస్తే చాలని వేసిన బొమ్మను ఇంకొక్కరు, ఒక్కరంటే ఒక్కరు, చూడకపోతే గుండె పగిలిపోయేలా ఉంది.

పొద్దు గుంకకముందే బాబా దగ్గరికి వెళ్లాడు.

"బాబా, ఒకసారి లారీ దగ్గరికి వస్తారా?"

బాబాకు డెబ్బై అయిదేళ్లు, మోకాళ్లు సరిగా వంగవు. అయినా మారు మాట్లాడకుండా లేచాడు. మౌలాలి భుజం పట్టుకుని నెమ్మదిగా కూర్చుని, గోనెపట్టా మీద ఒరిగి, లారీ కిందికి జరిగాడు. మౌలాలి పక్కనే పడుకున్నాడు. వాలుపొద్దు చక్రాల మధ్యలోంచి దూరి తిన్నగా నెమలి మీద పడుతోంది. ఈకలు ఒక్కొక్కటే అంటుకుంటున్నట్టున్నాయి.

బాబా గడ్డంలో కానుగ పువ్వు ఒకటి చిక్కుకుని ఉంది.

"ఎంత బాగుందో!" అన్నాడు బాబా. ఆ గొంతులో వేళాకోళం లేదు. చిన్నపిల్లవాడు చూసినట్టు చూస్తున్నాడు. "ఇది ఏం తింటుంది మౌలాలీ?"

"నెమలా? గింజలు, పురుగులు, పాములు తింటుంది బాబా."

"తుప్పు తింటుందా?"

మౌలాలికి అర్థం కాలేదు.

బాబా పక్కన పడి ఉన్న స్పానరు తీసుకున్నాడు. నెమలికి కాస్త అవతల, అదే దూలం మీద మెల్లగా తట్టాడు. ఠంగ్‌మంది. చెవి ఆనించి, అది సద్దుమణిగేదాకా విన్నాడు. కొంచెం ఇటు జరిగి మళ్లీ తట్టాడు. ఠంగ్‌మంది. గుడిగంట దూరంగా మోగి ఆగినట్టు ఆ చప్పుడు ఇనుములో ప్రయాణం చేస్తోంది. ఇంకొంచెం జరిగాడు. నెమలి రొమ్ము మీద, రంగు చెదరకుండా, అంతే మెల్లగా తట్టాడు.

టప్.

అక్కడే ఆగిపోయింది. ఎటూ వెళ్లలేదు.

బాబా స్పానరు కింద పెట్టాడు. గీకే రేకు వెతికి తీసుకుని మౌలాలి గుండెల మీద పెట్టాడు. తను కళ్లు మూసుకుని, చేతులు కట్టుకుని, నిద్రపోయేవాడిలా అక్కడే పడుకున్నాడు.

మౌలాలి రేకు పట్టుకున్నాడు. చెయ్యి రాలేదు. నెమలి అతన్నే చూస్తోంది. పావురాలు గుమ్మటం మీద సర్దుకుంటున్న చప్పుడు వినిపించింది. పక్కన గురువు ఊపిరి వినిపించింది. చాలాసేపటికి రేకు అంచును తోక చివర పెట్టి, కళ్లు గట్టిగా మూసుకుని, నెట్టాడు.

అంత కష్టపడనక్కర్లేదు. అంచు దొరకగానే ఆ పాత నలుపంతా ఒకే అట్టగా, నెమలితో సహా, లేచి వచ్చేసింది. ఊడి అతని రొమ్ము మీద పడింది. దాని వెనక తుప్పు మందంగా పొరలు కట్టి ఉంది. మౌలాలి గీకాడు. ఇప్పుడు చెయ్యి ఆగలేదు. పొర మీద పొర రాలుతుంటే, లోపల ఇనుము తగిలే చోట, ఒక సన్నటి గీత కనిపించింది. రివిట్టు పక్క నుంచి మొదలై, ఏటవాలుగా, దూలానికి సగం దాకా పాకింది. చొక్కాకున్న పిన్నీసు తీసి మొన గుచ్చాడు. పిన్నీసు లోపలికి దిగిపోయింది.

ఇనుము పగిలి ఉంది.

ట్యాంకు నిండా నీళ్లు. ఘాటు మీద ఏడో మలుపు. పక్కన లోయ. స్టీరింగు దగ్గర దేవ్లా, పైపు ఒళ్లో పెట్టుకుని సోనీబాయి. మౌలాలికి అవన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు ఆడాయి. ఇంకో నాలుగు రోజుల్లో తను దీని పక్కన పనంతా ముగించి, రంగు ఆరిందని, బండి తీసుకుపొమ్మని తన నోటితో చెప్పి ఉండేవాడు.

పక్కకు తిరిగి చూశాడు. బాబా కళ్లు ఇంకా మూసుకునే ఉన్నాయి.

మర్నాడు దేవ్లాకు కబురు పంపాడు. దేవ్లా వచ్చి లారీ కింద దూరి, పగులు మీద బొటనవేలు పెట్టి చూసి, బయటికొచ్చి నేల మీద చతికిలబడ్డాడు.

"పోయినేడు మలుపు తిప్పేటప్పుడల్లా యాడో మూలిగేది," అన్నాడు. "ముసలి బండి కదా, మూలగకేం చేస్తాదని నేనే దానికి సర్ది చెప్పేటోణ్ణి."

మౌలాలి అతని ఎదురుగా కూర్చున్నాడు. చెప్పకుండా ఉండొచ్చు. ఎవరికీ తెలియదు. కానీ చెప్పాడు.

"దేవ్లా, నేను దాని మీద బొమ్మ వేశాను. గీకకుండా. బాబా రాకపోతే దాని పైనే ఉంచేసేవాణ్ణి."

"ఏం బొమ్మ?"

"నెమలి."

"ఏదీ?"

"ఊడిపోయింది."

దేవ్లా కోప్పడతాడని మౌలాలి ఎదురుచూశాడు. దేవ్లా వంగి లారీ కిందికి తొంగి చూశాడు.

"అయ్యో అన్నా," అన్నాడు. "నెమలంటే మా ఆడమనిషికి పాణం. ఊడక ముందు పిలిచింటే ఒకసారి చూసిండేది కదా!"

మౌలాలి నవ్వబోయాడు. ఏడుపొచ్చింది.

లారీని ఖాళీగా, మనిషి నడిచినంత నెమ్మదిగా కొండ దింపారు. దేవ్లా తోలుతుంటే, మౌలాలి దారంతా దూలం వైపు చూస్తూ పక్కనే నడిచాడు. కింద వెల్డింగు షెడ్డు జోజప్పది. లారీలకు బొమ్మలు వేసే రోజుల్లో మౌలాలికి పరిచయస్థుడే. పగులు చూసి నోరెళ్లబెట్టాడు.

"ముందు దీని చివర సన్నగా ఒక రంధ్రం వెయ్యాల," అన్నాడు. "లేకపోతే ఎంత అతికినా పైకి పాకతానే ఉంటాది. ఆ తర్వాతే అతుకు, దాని మీద ఇనుప పట్టా."

కూలి ఏమివ్వాలని మౌలాలి మొహమాటంగా అడిగాడు. జోజప్ప షెడ్డు గేటు వైపు చూపించాడు. దాని కమ్మీలన్నీ తుప్పు పట్టి ఉన్నాయి.

"పని అయ్యేలోపల అది గీకి పెట్టు. తీరిక దొరికితే ఒక నెమలి కూడా వెయ్యి."

మౌలాలి రెండు రోజులు ఆ గేటు గీకాడు. ఒక్కో కమ్మీనీ గీకాక గోటితో తట్టి విన్నాడు. రెడాక్సైడు పూశాడు. నెమలి వెయ్యలేదు.

"నెమలేదప్పా?" అన్నాడు జోజప్ప.

"దాన్నింకా గీకుతూనే ఉన్నాను," అన్నాడు మౌలాలి. జోజప్ప అర్థం కాకపోయినా తల ఊపాడు.

లారీ మళ్లీ కొండెక్కింది. ఈసారి మౌలాలి ఎక్కడా వదల్లేదు. బాగున్నచోటే ఎక్కువసేపు గీకాడు. రెడాక్సైడు పట్టించి ఒక రోజు ఆరనిచ్చి, ఊరంతా కలిసిన ఆ రంగు పూయడం మొదలుపెట్టాడు. నాలుగంగుళాల బ్రష్షుతో, వెడల్పుగా, ముందు నుంచి వెనక్కి. బ్రష్షు దూరని మూలల్లో గుడ్డ ముంచి రుద్దాడు. గుడ్డ కూడా పోని చోట్ల వేళ్లతో పూశాడు. పగులు ఉన్నచోట, పట్టా మీద, మిగతాచోట్ల ఎంత పూశాడో అంతే పూశాడు. ఆ చోటు దాటిపోయాక గానీ దాటిపోయానని అతనికి గుర్తు రాలేదు.

ఆరాక ఆ రంగు ఒక్కో వేళకు ఒక్కోలా కనిపించింది. పొద్దున పావురం రెక్కలా ఉంటుంది. ఎండలో ఎండిన చెరువు మట్టిలా. మబ్బు పట్టిన రోజు అసలు కనపడదు, లారీ గాలిలో ఆగి ఉన్నట్టుంటుంది.

గురువారం దర్గాకొచ్చిన నారాయణమ్మ పూలబుట్ట కింద పెట్టి, నడుము పట్టుకుని వంగి చూసింది.

"నేనిచ్చిన నీలం ఏదీ నాయనా?"

"ఉందవ్వా."

"యాడ?"

మౌలాలి చెయ్యెత్తి, ఎక్కడ చూపించాలో తెలియక, అలాగే నిలబడ్డాడు. ఆమె అతన్నీ, లారీనీ మార్చి మార్చి చూసి, "పోనీలే, వెలిసిపోకుండా ఉంటాది," అని బుట్ట ఎత్తుకుంది.

ఫాల్గుణం చివర్లో తండాల నుంచి కబురొచ్చింది. బోర్లు ఆగిపోయాయి. మర్నాడు తెల్లవారగానే ట్యాంకు నింపారు. లారీ బరువుకు కుంగి, సర్దుకుని నిలబడింది. మౌలాలి దేవ్లా, సోనీబాయిల పక్కన ఎక్కి కూర్చున్నాడు. ఘాటు మీద పొగమంచు ఇంకా పోలేదు. రోడ్డు పది గజాల అవతల మాయమైపోతోంది. ట్యాంకులో నీళ్లు వెనకెక్కడో సముద్రంలా కదులుతున్నాయి. మొదటి మలుపులో మౌలాలి కళ్లు మూసుకుని చెవులొగ్గాడు. ఏ చప్పుడూ లేదు. రెండో మలుపు. మూడోది. ఎప్పుడూ పాడుతూ తోలే దేవ్లా కూడా పాట ఆపి వింటున్నాడు. ఏడో మలుపు దాటాక సోనీబాయి కొంగులో మూట విప్పి ఇద్దరికీ చెరో గుప్పెడు వేయించిన శనగలు పెట్టింది. అప్పటికిగానీ ముగ్గురూ ఊపిరి తీసుకోలేదు.

తండాలో ఆడవాళ్లు బిందెలతో ఎదురొచ్చారు. పైపు చుట్టూ మూగారు. చాసిస్ వైపు ఒక్కరూ చూడలేదు. ట్యాంకు నుంచి కారిన నీళ్లు దూలం మీద పడి, నిలవకుండా, ముత్యాల్లా జారిపోతుంటే మౌలాలి ఒక్కడే వంగి కాసేపు చూశాడు. ఎవరో అతని చేతికి బిందె ఇచ్చి, తలకెత్తమన్నారు. ఎత్తాడు. ఇంకొకరికి ఎత్తాడు. ఆ పూటంతా ఎత్తుతూనే ఉన్నాడు.

తిరిగొచ్చేసరికి మిట్టమధ్యాహ్నమైంది. బాబా కానుగ నీడలో కూర్చుని చినిగిన చొక్కాకు అతుకు వేసుకుంటున్నాడు. మౌలాలి ఎదురుగా కూర్చుని సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చాడు. ఇన్నాళ్లూ అడగాలనుకుని ఆగిన మాట అప్పుడు అడిగాడు.

"బాబా, పగులు అక్కడుందని మీకు ముందే తెలుసా?"

"నాకెలా తెలుస్తుంది?" అన్నాడు బాబా, దారం చివర ముడి వేసుకుంటూ. "నువ్వు ఎక్కడ అంత అందంగా కప్పావో, అక్కడ తట్టి చూశాను."